జేబులో ఇమిడిన తుపాకీ

1839లో ఆయుధం దాచాలంటే తోటలు కావాలి, బోలు గోడలు కావాలి, నోరు కట్టుకుని పనిచేసే మనుషులు కావాలి. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో కుంఫిణీ అధికారులు ఆ ఏడాది తవ్వి చూస్తే జనానా వైపున వందల కొద్దీ ఫిరంగులు బయటపడ్డాయి. కుంఫిణీకి ఎదురు తిరిగే ఆ కుట్ర వాసన ముందుగా తగిలింది నెల్లూరు మేజిస్ట్రేటు స్టోన్‌హౌస్‌కు. విచారణ సాగేకొద్దీ దాని కొస ఒకటి మా మెట్ట ప్రాంతం దాకా వచ్చింది. ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ నవాబుతో చేతులు కలిపాడని తేల్చి జాగీరు లాక్కున్నారు, ఆయన్ని చెంగల్పట్టు పంపేశారు. కర్నూలు నవాబును తిరుచిరాపల్లిలో ఉంచారు. 1840లో అక్కడే కత్తిపోటుకు చనిపోయాడు. కోట నిండా ఫిరంగులు పోగేసిన మనిషి ప్రాణం తీయడానికి గుడ్డల్లో దాచుకోగల చిన్న కత్తి చాలింది.

ఆ తర్వాత డెబ్బై ఏళ్లు కూడా గడవకముందే, 1906లో, బెల్జియంలోని ఎఫ్ఎన్ కర్మాగారం ఒక పిస్తోలును బజారులో పెట్టింది. పొడవు 114 మిల్లీమీటర్లు, బరువు 370 గ్రాముల లోపు. కోటు కింద తొడుక్కునే వెయిస్ట్‌కోటు చిన్న జేబులో పట్టేది. ఆరు గుళ్లు పట్టే మ్యాగజీను. గీసింది అమెరికావాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు తుపాకీ లైసెన్సు కోసం అర్జీ పెట్టుకునేవాళ్లు కొద్దిమందే. రాత్రివేళ డబ్బుతో తిరిగే వ్యాపారులు, ఎవరితోనో పాత పగ ఉన్నవాళ్లు, దూరంగా పొలం మీద ఇల్లు కట్టుకున్నవాళ్లు. వాళ్ల మొదటి ప్రశ్న ఒకటే, జేబులో పట్టేంత చిన్నది దొరుకుతుందా అని. చిన్నదిగా చేయడం తుపాకీ పనివాళ్లకు ఎన్నడూ పెద్ద కష్టం కాలేదు. గుండు నింపి ఒంటిమీద పెట్టుకున్న ఆ వస్తువు మనిషి వంగినా, మెట్లెక్కినా, కిందపడినా తనంతట తాను పేలకుండా ఉండటమే కష్టమైంది. జేబు తుపాకీ కథలో పనితనమంతా దానికే ఖర్చయింది. కొనేవాడు చూడవలసింది కూడా అదే.

కథ నిప్పుతో మొదలవుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కొండను ఏడాదిన్నర ముట్టడించి 1514లో గజపతుల చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆ కాలంలో చేతి తుపాకీ అంటే జామగి తుపాకీ. జామగి అంటే సురేకారంలో నానబెట్టి ఆరబెట్టిన తాడు. దాని కొస ఎప్పుడూ కణకణ మండుతుండాలి. మీట నొక్కితే మండే కొస వంగి మందుగిన్నెలో పడుతుంది. దాన్ని జేబులో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. పొగ, వాసన, చీకట్లో ఎర్రటి చుక్క, అన్నీ దొరకబట్టిస్తాయి. పైగా మందు పక్కనే నిప్పు.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఐరోపాలో నిప్పు అక్కరలేని తుపాకీ తిరగడం మొదలైంది. గరుకు అంచు ఉన్న ఉక్కు చక్రం, దానికి చుట్టిన స్ప్రింగు, పైన ఒత్తి పట్టుకున్న పైరైటు రాయి. మీట నొక్కితే చక్రం గిర్రున తిరిగి రాయిని రాసుకుని రవ్వలు రాలుస్తుంది. ఇలాంటి ఏర్పాటు బొమ్మ లియొనార్డో డావిన్చీ కాగితాల్లోనూ ఉంది. దీంతో మొట్టమొదటిసారి తుపాకీని నింపి, బిగించి, అంగీ కింద పెట్టుకుని, కావలసినప్పుడు తీయడం కుదిరింది. ప్రభువులకు వెంటనే భయం పట్టుకుంది. పవిత్ర రోమన్ చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ 1517-18లో, తమంతట తామే నిప్పు రాజేసుకునే ఈ తుపాకులను నిషేధించాడు. జేబు తుపాకీ ఇంకా సరిగా పుట్టనే లేదు, దాని మీద చట్టం పుట్టేసింది.

చక్రం ఖరీదైన పని, గడియారం చేసేంత నేర్పు కావాలి. తర్వాత వచ్చిన చెకుముకి తుపాకీ చవక. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు పనివాళ్లు అరచేతిలో ఇమిడే చెకుముకి పిస్తోళ్లు చేశారు. కొన్నింటిలో మీట మడతపెట్టి లోపలికి పోతుంది, సుత్తి వెనక్కి లాగినప్పుడే కిందికి దిగుతుంది. మీట బయటికి కనబడకపోతే గుడ్డకు తగులుకోదు, వేలు పొరపాటున పడదు. జేబు కోసమని ఆలోచించి చేసిన మొదటి పనుల్లో ఇదొకటి, నాకు చాలా ఇష్టమైనది కూడా. కానీ చెకుముకికి మందుగిన్నె ఉంది. ఆ గిన్నెలో మందు జేబులో ఒలుకుతుంది, వానకు తడుస్తుంది, చెమటకు ముద్దవుతుంది.

ఆ గిన్నెను తీసేసిన మనిషి చర్చి పాదిరి. స్కాట్లండులోని బెల్‌హెల్వీ అనే పల్లెలో అలెగ్జాండర్ ఫోర్సైత్‌కు పిట్టల వేట పిచ్చి. గిన్నెలో మందు భగ్గుమనగానే, గుండు చేరేలోపే పిట్టలు లేచిపోయేవి. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో లోపలి మందును అంటించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు హక్కు పొందాడు. తర్వాత ఇంకొందరు ఆ రసాయనాన్ని వేలిగోరంత రాగి టోపీలో పెట్టారు. వెలిగొండ అడవుల్లో వేటగాళ్ల దగ్గర అధికారులు పట్టుకునే నాటు తుపాకుల్లో ఈనాటికీ ఉన్నది ఆ టోపీ పద్ధతే. గొట్టం మూతి నుంచి మందు కూరి, చెక్క మీద ఇనుప సుత్తి, దాని కింద టోపీ. రెండు వందల ఏళ్ల నాటి పాదిరి ఆలోచన మన కొండల్లో అడవిపందుల మీద ఇంకా పేలుతోంది.

రాగి టోపీ రాగానే జేబు తుపాకీకి తలుపులు తెరుచుకున్నాయి. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే పనివాడు ఒంటి గుండు పిస్తోళ్లకు పేరుపడ్డాడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్ నాటకశాలలో అధ్యక్షుడు లింకన్ తల వెనక జాన్ విల్క్స్ బూత్ పేల్చింది అలాంటిదే. ఆరంగుళాలు కూడా లేదు, గొట్టం రెండున్నర అంగుళాలు. రెండో దెబ్బకు కత్తి తీయవలసి వచ్చింది, ఎందుకంటే దాంట్లో ఉన్నది ఒక్క గుండే. మరుసటి ఏడాది, 1866లో, రెమింగ్టన్ కంపెనీ ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలున్న చిన్న పిస్తోలు మొదలుపెట్టి 1935 దాకా చేసింది.

ఇవన్నీ సుత్తి బయటికి పొడుచుకుని ఉన్న తుపాకులు. ఆ సుత్తి కొస జేబు గుడ్డకు కొక్కెంలా పట్టుకుంటుంది. ఆపదలో లాగినవాడి చేతికి జేబు కూడా చిరిగి వస్తుంది. ఇంకో ముప్పు కూడా ఉంది. ఆ కాలపు రివాల్వర్లలో సుత్తి నేరుగా తూటా మీద ఆనుకుని ఉండేది. కిందపడి సుత్తి మీద దెబ్బ తగిలితే చాలు, పేలేది. అందుకే తెలిసినవాళ్లు ఆరు గదుల్లో ఐదే నింపి, సుత్తి కింద గది ఖాళీగా ఉంచేవారు.

1887లో స్మిత్ అండ్ వెసన్ ఒక రివాల్వరు తెచ్చింది. సుత్తిని పూర్తిగా లోపల మూసేశారు. పిడి వెనక భాగంలో ఒక పలక ఉంది. అరచేత్తో గట్టిగా పిడికిలి పట్టి ఆ పలకను లోపలికి నొక్కితేనే మీట కదులుతుంది. నా లెక్కలో ఈ కథ మొత్తానికి నడిమి స్తంభం ఇదే. అప్పటిదాకా ఎక్కువగా తుపాకీ ఎలా పేలాలో ఆలోచించారు. ఇక్కడ, మనిషి నిజంగా చేతిలోకి తీసుకున్నాడో లేదో తుపాకీయే తేల్చుకునే ఏర్పాటు మొదటిసారి జేబులోకి వచ్చింది.

ఇక మిగిలింది మందు. అప్పటి నల్లని తుపాకీమందుకు దట్టమైన పొగ, మసి. తనంతట తాను తూటా మార్చుకునే సున్నితమైన యంత్రం ఆ మసికి బిగుసుకుపోతుంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ పొగలేని మందు చేశాక ఆ అడ్డు తొలగింది. బ్రౌనింగ్ తండ్రి కూడా తుపాకీ పనివాడే. యూటా రాష్ట్రంలో ఆగ్డెన్‌లో తండ్రి కొట్టులో పెరిగిన ఈ మనిషి, 1890లలో తుపాకీ వెనక్కి తన్నే బలాన్నే పనికి పెట్టాడు. పైన జారే స్లయిడ్ వెనక్కి పోతుంది, ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది, ముందుకు వస్తూ మ్యాగజీను లోంచి కొత్త తూటాను గొట్టంలోకి తోస్తుంది. దీని కోసం 1899లో ఆయనే ఒక తూటా కూడా గీశాడు. 7.65 మిల్లీమీటర్లది, మన లైసెన్సు పుస్తకాల్లో పాయింట్ 32 అని రాసేది. ఆత్మకూరు మనిషి ఇవాళ చట్టప్రకారం కొనుక్కోగల పిస్తోలు పేల్చేది ఆ నూటపాతికేళ్ల నాటి తూటానే.

1903లో కోల్ట్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ పిస్తోలుకు జేబు పేరే పెట్టారు. సుత్తి లోపల, పిడి వెనక పలక, పక్కన ఇంకో గొళ్లెం, బరువు 680 గ్రాములు. ఆ కంపెనీ పాయింట్ 32 ఆటోమేటిక్‌తోనే భగత్‌సింగ్ 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్‌ను కాల్చాడు. ఇప్పుడది పంజాబు సరిహద్దులో హుస్సేనీవాలా ప్రదర్శనశాలలో ఉంది. అంతకుముందు 1914 జూన్ 28న సరయేవోలో ఆర్చ్‌డ్యూక్ ఫెర్డినాండ్‌ను చంపింది బ్రౌనింగ్ గీసిన 1910 నమూనా. గీసినవాడు అందులో మూడు రక్షణలు పెట్టాడు. ఎవరి జేబులోకి పోతుందో చూసుకునే రక్షణ ఏ పనివాడూ చేయలేడు.

మొదట్లో చెప్పిన చిన్న 1906 నమూనాకు తర్వాత చేర్చిన మూడో రక్షణ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇప్పటికీ ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి. పిస్తోలు లోంచి మ్యాగజీను తీసేస్తే ఖాళీ అయిందనుకుంటారు. కానీ గొట్టం వెనక గదిలోకి అప్పటికే ఎక్కిన తూటా ఒకటి అక్కడే కూర్చుని ఉంటుంది. తుడవబోయి మీట నొక్కితే అది పేలుతుంది. మ్యాగజీను లేకపోతే మీట పనిచేయకుండా చేశారు ఎఫ్ఎన్ వాళ్లు. ఆ రక్షణ ఈనాటి పిస్తోళ్లన్నింటిలో ఉండదు. కొనేటప్పుడు తప్పక అడగండి.

జర్మనీలో వాల్తర్ కంపెనీ 1929లో పీపీని, 1931లో ఇంకా కురచది పీపీకేను తెచ్చింది. గదిలో తూటా ఉంటే వెనకవైపు చిన్న పుల్ల బయటికి పొడుచుకొస్తుంది, చీకట్లో బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు. మొదటి గుండుకు మీట పొడవుగా, బరువుగా లాగాలి. ఈ బరువే జేబులో మనిషిని కాపాడుతుంది. తర్వాత వచ్చిన జేబు పిస్తోళ్లలో ఎక్కువ భాగం బ్రౌనింగ్, వాల్తర్ అనే ఈ రెండు కొమ్మల్లో ఏదో ఒకదానికి పూసినవే.

మన దేశంలోకి వద్దాం. 1857 నాటి భయంతో దొరలు 1878లో ఆయుధ చట్టం తెచ్చి జనం చేతుల్లోంచి తుపాకులు తీసేశారు. గాంధీజీ తన ఆత్మకథలో, 1918 నాటి సైనిక చేరికల ప్రస్తావనలో, బ్రిటిషు పాలన చేసిన చెడుపనుల్లో ఆ చట్టాన్ని అతి నల్లనిదిగా చెప్పాడు. ఆయనే 1921 ఏప్రిల్ 7న నెల్లూరు దగ్గర పల్లిపాడులో పెన్న ఒడ్డున ఆశ్రమం ప్రారంభించాడు. 1948 జనవరి 30న ఆయన మీదికి మూడు గుళ్లు వదిలింది బెరెట్టా 1934 నమూనా, అది కూడా చిన్న పిస్తోలే. నిరాయుధ జాతి అవమానాన్ని గుర్తించిన మనిషిని, ప్రార్థనకు నడుస్తున్న మనిషిని, గుడ్డల్లో దాచిన తుపాకీ చంపింది. జేబు తుపాకీ గురించి ఎవరు ఎంత మెచ్చుకోలుగా రాసినా ఈ మాట దాటి పోకూడదు.

స్వతంత్రం వచ్చాక 1959 చట్టం, దాని కింద ఇప్పుడు 2016 నియమాలు. 9 మిల్లీమీటర్ల పారాబెల్లం వంటివి నిషిద్ధ బోరు, మామూలు మనిషికి దొరకవు. 1980ల నడుమ నుంచి పౌరుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి కూడా ఆగిపోయింది. అందుకే తాతల నాటి వెబ్లీలు, కోల్టులు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. కొత్తది కావాలంటే ఎక్కువగా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల సరుకే. ఈషాపూర్‌లో చేసే పాయింట్ 32 పిస్తోలు అశని. కాన్పూరులో చేసే పాయింట్ 32 రివాల్వరు. 2014లో కాన్పూరు నుంచే నిర్భీక్ అని తేలికపాటి రివాల్వరు వచ్చింది. 2012 ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత ఆడవాళ్ల కోసమని చెప్పి, ఆ ఘటనలో బలైన అమ్మాయికి పత్రికలు పెట్టిన నిర్భయ అన్న పేరును తలపించేలా పేరు పెట్టారు. టైటానియం మిశ్రమం, అర కిలో బరువు. ధర అప్పట్లో 1,22,360 రూపాయలు. ఈ ప్రాంతంలో కూలికి ఆటోలో పోయివచ్చే ఏ ఆడమనిషికి ఆ ధర అందుతుంది? లోహం తేలిక చేయడంలో మన ఇంజనీర్లు చేసింది మంచి పనే. ఎవరి పేరు చెప్పి చేశారో వాళ్ల చేతికి మాత్రం అది అందలేదు.

జేబుకు ఏది తగినదన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. ముందు బరువు. ఏడు వందల గ్రాముల ఇనుము చొక్కా జేబులో ఉంటే గుండె మీద జేబు వేలాడిపోయి ఊరంతటికీ తెలుస్తుంది. పంచెకు, లుంగీకి జేబే లేదు. ప్యాంటు ముందు జేబులో పెడితే స్కూటరు మీద కూర్చున్నప్పుడు తొడను ఒత్తుతుంది, మనిషి మాటిమాటికి చెయ్యి పెట్టి సర్దుకుంటాడు. అలా సర్దుకునే చెయ్యే ప్రమాదం. అలాగని మరీ తేలికది తీసుకుంటే వెనక్కి తన్నుడు ఎక్కువ, గురి తప్పుతుంది. పొట్టి గొట్టం కాబట్టి గురి మామూలుగానే కష్టం. నెలల తరబడి పేల్చి అలవాటు చేసుకోనివాడు పది అడుగుల్లో కూడా గురి తప్పుతాడు. మన వైపు పేల్చి నేర్చుకునే చోట్లూ తక్కువే, తూటాలకూ లైసెన్సులో పరిమితి ఉంటుంది.

పిస్తోలా, రివాల్వరా అంటే, మొదటిసారి తీసుకునేవాడికి నేను రివాల్వరే చెబుతాను. గదులు కంటికి కనిపిస్తాయి, నిండి ఉందో ఖాళీగా ఉందో తెరిస్తే తెలిసిపోతుంది. మీట బరువు. మసి, జేబు నూగు, మట్టి పడినా తట్టుకుంటుంది. పిస్తోలు పల్చన, జేబులో ఉబ్బెత్తుగా కనిపించదు, కానీ గదిలో మిగిలిపోయిన తూటా సంగతి పైన చెప్పాను. సుత్తి బయటికి ఉన్నది, మీట మరీ తేలికగా ఉన్నది జేబుకు పనికిరావు. జేబులో తుపాకీ తప్ప ఇంకేదీ ఉండకూడదు. తాళంచెవి మీట సందులోకి దూరితే ఎన్ని రక్షణలున్నా లాభం లేదు.

విడిగా జేబులో వేసుకుని తిరగడం అసలు చట్టమే ఒప్పుకోదు. 2016 నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ దాని కోసం చేసిన తొడుగులోనో, అలాంటి సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మనిషి అదుపులో ఉండాలి. మాక్సిమిలియన్ దాచుకునే తుపాకీని నిషేధించాడు. మన నియమం ఐదు వందల ఏళ్ల తర్వాత, ఉంటే కనబడకుండానే ఉంచుకోమంటోంది. నాకిది సబబుగానే తోస్తుంది. తుపాకీ చూపించి పంచాయితీలో మాట చెల్లించుకునే అలవాటు ఎంతటి చేటో పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. 2019 సవరణ పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి జనాన్ని ప్రమాదంలోకి నెట్టడాన్ని కూడా శిక్షకు తెచ్చింది, రెండేళ్ల జైలు దాకా.

లైసెన్సు షరతుల్లో ఇంకొకటి ఉంది. సంతలకు, మత ఊరేగింపులకు, జనం గుమిగూడే చోట్లకు, బడుల ఆవరణలోకి తీసుకుపోరాదు. అంటే ఏఎస్ పేట దర్గా గంధానికి పోయినా, పెంచలకోన ఉత్సవాలకు పోయినా తుపాకీ ఇంట్లోనే. ఎన్నికలు వచ్చాయంటే పోలీసులు అడిగినవాళ్లు స్టేషన్లో జమ చేసి రసీదు తీసుకోవాలి. ఏ ఊరి దాకా పట్టుకుపోవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే జేబు తుపాకీ జేబులో ఉండగలిగే గంటలు చాలా తక్కువ. మిగతా గంటలన్నీ అది ఇంట్లో ఉండేవే. ఇంట్లో పిల్లలుంటారు, కోపంలో ఉన్న పెద్దలుంటారు, అప్పుల్లో కూరుకుపోయి రాత్రిళ్లు నిద్రపట్టని మనిషి ఉంటాడు. అర్జీ పెట్టేముందు ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి అడగమని చెబుతాను. వాళ్లలో ఒక్కరు వద్దన్నా ఆ అర్జీ మానుకోవడం మంచిది. రాత్రి ప్రయాణానికి తోడు మనిషి, డబ్బుకు బ్యాంకు, పొలం ఇంటికి మంచి దీపం, కుక్క, ఇవి తీర్చలేని ఆపద నిజంగా ఉందా అని చూసుకోవాలి.

ఉంటే, తీసుకున్నాక, ఒక పని రోజూ చేయాలి. ఉదయగిరి ఎండలకు ఒంటికి ఆనుకున్న ఇనుము చెమటకు తుప్పు పట్టడం మొదలుపెడుతుంది, పాత నీలిరంగు ఉక్కయితే మరీ త్వరగా. ఇంటికి రాగానే గొట్టం మూతిని మనుషులు లేని వైపు తిప్పి, వేలు మీట మీద పెట్టకుండా, ముందు మ్యాగజీను తీయాలి. తర్వాత స్లయిడ్ పూర్తిగా వెనక్కి లాగి గదిలోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. ఖాళీ అని తేలాకే పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్క రాసి, తుపాకీని ఒక బీరువాలో, తూటాలను వేరే బీరువాలో పెట్టి, రెండు తాళాలూ మీ దగ్గరే ఉంచుకోవాలి.